కోషర్ గుర్తు అంటే ఆకుపచ్చ చుక్క కాదు: న్యూజెర్సీ కోషర్ షాపులో ఏం చూడాలి, ఏం కొనాలి

ఈ మధ్య అమెరికాలో ఉన్న మన వ్యూయర్స్ నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "మా అమ్మానాన్న ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టరు. ప్యాకెట్ మీద కోషర్ గుర్తు ఉంటే కళ్ళు మూసుకుని కొనేయొచ్చని ఫ్రెండ్స్ చెప్పారు, నిజమేనా?" అని.

స్ట్రెయిట్‌గా చెప్పేస్తాను. నిజం కాదు. కళ్ళు తెరిచే కొనాలి. కానీ ఆ గుర్తు చదవడం వస్తే మాత్రం, ఇంగ్రీడియెంట్స్ లిస్టులో కూడా దొరకని సమాచారం కొంత దొరుకుతుంది. ఈరోజు ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

నేను బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌లో చేరి, ఆన్‌సైట్ మీద న్యూజెర్సీలో కొంతకాలం ఉన్నాను. ఎడిసన్ పేరు మీరు వినే ఉంటారు. ఓక్ ట్రీ రోడ్‌లో గోంగూర నుంచి గోల్డ్ నగల దాకా అన్నీ దొరుకుతాయి. దాన్ని ఆనుకునే హైలాండ్ పార్క్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ సంప్రదాయ యూదు కుటుంబాలు చాలా ఉంటాయి. వాళ్ళ కిరాణా షాపులు, డెలీలు కూడా అక్కడే. నేనుండే అపార్ట్‌మెంట్ నుంచి అలాంటి ఒక షాపుకి నడిచి వెళ్ళొచ్చు. మొదట దగ్గరని వెళ్ళాను, తర్వాత ఆసక్తితో వెళ్ళాను.

అసలు కోషర్ అంటే ఏంటి?

హీబ్రూలో ఆ మాటకి "తగినది" అని అర్థం. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం తినడానికి తగినది అన్నమాట. రూల్స్ చాలా ఉన్నాయి కానీ, షాపింగ్‌కి మనకి కావాల్సినవి మూడు.

ఒకటి, ఏ జీవిని తినొచ్చు. నెమరు వేయాలి, గిట్టలు చీలి ఉండాలి. ఆవు, మేక, గొర్రె ఓకే. పందికి గిట్టలు చీలి ఉంటాయి కానీ నెమరు వేయదు, కాబట్టి నో. చేపకి రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. అంటే రొయ్యలు, పీతలు పోయాయి. పొలుసుల్లేని వాలుగ లాంటి చేపలూ పోయాయి. బైబిల్ చదివేవాళ్ళు లేవీయకాండము 11వ అధ్యాయంలో ఈ లిస్టు చూసే ఉంటారు.

రెండు, ఎలా కోయాలి. శిక్షణ పొందిన మనిషే, చాలా పదునైన, నొక్కులు లేని కత్తితో కోయాలి. తర్వాత మాంసంలో రక్తం మిగలకూడదు. దాని కోసం అరగంట నీళ్ళలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, కడుగుతారు.

మూడోది మనకి అన్నిటికంటే ముఖ్యం. మాంసం, పాలు కలవకూడదు. మేకపిల్లని దాని తల్లిపాలలో ఉడకబెట్టొద్దని వాళ్ళ గ్రంథంలో మూడు చోట్ల ఉంది. నిర్గమకాండములో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండములో ఒకసారి. ఆ ఒక్క వాక్యం నుంచి మొత్తం వంటగదే రెండుగా విడిపోయింది. మాంసానికి వేరే గిన్నెలు, పాలకి వేరే గిన్నెలు. మాంసం తిన్నాక పాల పదార్థం ముట్టాలంటే చాలామంది ఆరు గంటలు ఆగుతారు. జర్మనీ మూలాలున్న కుటుంబాల్లో మూడు గంటలు, డచ్ మూలాలున్నవాళ్ళలో గంట ఆనవాయితీ.

మన ఇళ్ళలో మడి, అంటు, ఎంగిలి చూసినవాళ్ళకి గిన్నెలు వేరుగా పెట్టడం కొత్తేమీ కాదు. కారణాలు వేరు కావచ్చు. కానీ "గిన్నె కూడా లెక్కలోకి వస్తుంది" అనే ఆలోచన మాత్రం మన అమ్మమ్మలకి వెంటనే అర్థమవుతుంది.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంకో రకంగా చెప్తాను. ఇది ఒక టైప్ సిస్టమ్. ప్రతి తిండికీ ఒక టైప్ ఉంటుంది. మీట్, డెయిరీ, పార్వె. పార్వె అంటే రెండూ కానిది. కూరగాయలు, పండ్లు, గింజలు, గుడ్లు, చేపలు ఇందులోకి వస్తాయి. పార్వెని డెయిరీతో కలిపితే డెయిరీ అవుతుంది. మీట్‌తో కలిపితే మీట్ అవుతుంది. మీట్‌ని డెయిరీతో కలిపితే కంపైల్ ఎర్రర్, అంతే.

ఇప్పుడు పార్వె లిస్టు ఇంకోసారి వినండి. గుడ్లు. చేపలు. మన వ్యూయర్ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. మన దగ్గర ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే గుడ్డు కూడా లేదని అర్థం. అమెరికాలో అలాంటి తప్పనిసరి గుర్తు లేదు. ఆ లోటుని కోషర్ గుర్తుతో పూడ్చుకుందామని మనవాళ్ళు చూస్తారు. కానీ కోషర్ గుర్తు అడిగే ప్రశ్నే వేరు. "ఇందులో జీవి ఉందా?" అని అది అడగదు. "ఏ జీవి, ఎలా కోశారు, దేనితో కలిపారు?" అని అడుగుతుంది.

గుర్తులు ఎలా చదవాలి?

ప్యాకెట్ వెనకో, ముందు ఒక మూలనో చిన్నగా ఉంటాయి. ఎక్కువగా కనిపించేది వృత్తంలో యు అక్షరం. ఇది ఆర్థడాక్స్ యూనియన్ వాళ్ళది, ఓయూ అంటారు. వృత్తంలో కె ఉంటే అది ఓకే అనే సంస్థ. నక్షత్రంలో కె ఉంటే బాల్టిమోర్‌లో ఉన్న స్టార్-కె. న్యూజెర్సీలోనే టీనెక్ ఊళ్ళో కోఫ్-కె ఉంది. ఇవన్నీ రిజిస్టర్ అయిన ట్రేడ్‌మార్కులు. వీళ్ళ ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీకి వెళ్ళి, ముడిసరుకు ఎక్కడి నుంచి వచ్చింది, ఆ మెషిన్‌లో అంతకుముందు ఏం చేశారు అన్నదాకా చూస్తారు.

చుట్టూ ఏమీ లేకుండా ఒంటరిగా కె అక్షరం ఉంటే మాత్రం జాగ్రత్త. ఒక్క అక్షరాన్ని ఎవరూ ట్రేడ్‌మార్క్ చేసుకోలేరు. అది ఎవరి పర్యవేక్షణో గుర్తు చూసి చెప్పలేం.

గుర్తు పక్కన ఇంకో అక్షరం ఉంటుంది. డి అంటే డెయిరీ. డిఇ అంటే పదార్థంలో పాలు లేవు కానీ డెయిరీ మెషిన్ మీద చేశారు అని. కొన్నిటి మీద మీట్ అనో, ఫిష్ అనో పూర్తిగా రాస్తారు. ఓయూ ఒక్కటే ఉండి పక్కన ఏమీ లేకపోతే సాధారణంగా పార్వె అని లెక్క.

ఇక పి. దీన్ని చాలామంది పార్వె అనుకుంటారు. కాదు! పి అంటే పాస్ఓవర్. ఆ పండగ రోజుల్లో తినడానికి కూడా పనికొస్తుందని అర్థం. పి ఉన్న ప్యాకెట్ డెయిరీ కావచ్చు, మీట్ కూడా కావచ్చు.

శాకాహారులకి ఏది గ్యారంటీ, ఏది కాదు?

ముందు మంచి వార్త. నమ్మకమైన గుర్తు ఉండి, పక్కన డి ఉందీ అంటే అందులో కోడి, మేక, గొడ్డు మాంసం ముక్కలు గానీ, వాటి రసం గానీ, కొవ్వు గానీ ఉండవు. పంది కొవ్వు ఏ కోషర్ వస్తువులోనూ ఉండదు. ఇంకోటి చాలామందికి తెలియదు. కార్మైన్ అని ఎర్ర రంగు ఉంది, కొన్ని మిఠాయిల్లో, డ్రింకుల్లో వేస్తారు. అది పురుగుల నుంచి తీసే రంగు. కోషర్ నియమాల్లో అది కుదరదు. పురుగుల విషయంలో వీళ్ళు ఎంత గట్టి అంటే, పాలకూర, బ్రకోలీ లాంటివి ఆకు ఆకు చూసి కడిగి ప్యాక్ చేసినవి ప్రత్యేకంగా అమ్ముతారు.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సినవి. మూడు ఉన్నాయి.

మొదటిది గుడ్డు. కోషర్ బేకరీలో శుక్రవారం కనిపించే జడలా అల్లిన బ్రెడ్ పేరు హల్లా. చూడ్డానికి చాలా బాగుంటుంది, మెత్తగా ఉంటుంది. కానీ చాలావరకు గుడ్డు వేస్తారు. గుడ్డు లేనిది వాటర్ హల్లా అని అమ్ముతారు, అడగండి. కేకులు, కుకీల్లో పాలు వెన్న లేకుండా పార్వెగా చేయాలని గుడ్డు, నూనె మీద ఆధారపడతారు. కాబట్టి పార్వె కేక్ చూసి "ఓహో వెజ్" అనుకోకండి.

రెండోది చేప. వూస్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది. దాని మీద కోషర్ గుర్తు కూడా ఉండొచ్చు. పిల్లలు అడిగే మార్ష్‌మెలోస్ కోషర్ షాపులో దొరుకుతాయి, చాలావాటిలో చేప నుంచి తీసిన జెలటిన్ వేస్తారు.

మూడోది ఆ జెలటిన్ సంగతే. కోషర్ పద్ధతిలో కోసిన గొడ్ల చర్మం నుంచి తీసిన జెలటిన్ కూడా ఉంది. బాగా ప్రాసెస్ అయ్యాక దాన్ని మాంసంగా లెక్కించరు, పార్వె కిందే వస్తుంది. అంటే డి ఉన్న పెరుగు డబ్బాలో కూడా జెలటిన్ ఉండే అవకాశం ఉంది. అమ్మానాన్న కోసం కొంటుంటే జెలటిన్ అనే మాట కనపడగానే ఆ డబ్బా పక్కన పెట్టేయండి, ఏ గుర్తున్నా సరే.

అలర్జీ ఉన్నవాళ్ళకి ఒక మాట, ఇది సీరియస్. పిల్లలకి పాల అలర్జీ ఉంటే పార్వె గుర్తు ఒక్కటే నమ్ముకోవద్దు. అది మతపరమైన గుర్తు, వైద్యపరమైన గుర్తు కాదు. పాలు, గుడ్లు, వేరుశనగ లాంటి అలర్జీ పదార్థాలు లేబుల్ మీద స్పష్టంగా రాయాలని అమెరికాలో 2004లోనే చట్టం వచ్చింది. ఆ లైను చదవండి. డౌట్ ఉంటే కంపెనీకి ఫోన్ చేయండి.

సరే, మరి ఏం కొనొచ్చు? హమ్మస్, తహిని అంటే నువ్వుల ముద్ద, ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయలు, ఫలాఫెల్ మిక్స్, మామూలు మాట్సా. మాట్సా అంటే పిండి, నీళ్ళు తప్ప ఇంకేమీ లేని పొంగని రొట్టె. ఎగ్ మాట్సా అని వేరే ఉంటుంది, అది చూసుకోండి. చీజ్‌లో వాడే రెనెట్ కోషర్ బ్రాండ్లలో చాలావరకు సూక్ష్మజీవుల నుంచి తీసిందే, అయినా లేబుల్ మీద ఒకసారి నిర్ధారించుకోండి.

మాంసం కౌంటర్

నాన్‌వెజ్ తినేవాళ్ళు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, రేటు ఎక్కువ. ఊరికే ఎక్కువ కాదు. కోసే మనిషి, తనిఖీ చేసే మనిషి, ఉప్పు పట్టించే పని, అన్నీ అదనం. ఊపిరితిత్తులు కూడా పరీక్షిస్తారు. గ్లాట్ అని బోర్డు మీద కనిపిస్తుంది చూడండి, ఆ యిడ్డిష్ మాటకి నున్నగా అని అర్థం. ఊపిరితిత్తుల మీద అతుకులు లేకుండా నున్నగా ఉన్న పశువు అన్నమాట. దానికి తోడు వెనక భాగంలో ఒక నరాన్ని, కొంత కొవ్వుని తీసేయాలి. అది చాలా ఓపికతో కూడిన పని కాబట్టి అమెరికాలో వెనక భాగాన్ని ఎక్కువగా బయట మార్కెట్‌కి అమ్మేస్తారు. అందుకే కోషర్ కౌంటర్‌లో బ్రిస్కెట్ లాంటి ముందు భాగం ముక్కలే ఎక్కువ.

రెండోది మన వంటకి సంబంధించింది. కోషర్ కోడికి ఉప్పు పట్టించడం అయిపోయి ఉంటుంది. మామూలుగా వేసినట్టు ఉప్పు వేస్తే కూర నోట్లో పెట్టలేం. సగం వేసి, రుచి చూసి, తర్వాత కలపండి.

డెలి దగ్గర

డెలి అంటే లోపల ఉండే రెడీ ఫుడ్ కౌంటర్. పాస్ట్రామి, కార్న్డ్ బీఫ్, మాట్సా ముద్దలు వేసిన కోడి సూప్, బంగాళాదుంప కూరిన నిష్. నంబర్ చీటీ తీసుకుని నిలబడాలి. పిలిచినప్పుడు ఏం కావాలో, ఎన్ని పౌండ్లో గబగబా చెప్పాలి. వెనకాల క్యూ ఉంటుంది కదా.

మీట్ డెలిలో చీజ్ అడగకండి. ఉండదు. కాఫీలో కూడా పాలు బదులు పాలు లేని క్రీమర్ ఇస్తారు. న్యూయార్క్‌లో 1888 నుంచి ఉన్న కట్జ్ డెలి చాలా ఫేమస్ కదా, అది కోషర్ కాదు. అక్కడ పాస్ట్రామి మీద చీజ్ వేసి కూడా ఇస్తారు. తిండి యూదుల సంప్రదాయం నుంచి వచ్చినా, నియమం పాటించని ఇలాంటివాటిని కోషర్ స్టైల్ అంటారు. స్టైల్ అన్న మాట కనపడితే అది కోషర్ కాదనే అర్థం.

శాకాహారులకి ఇక్కడ ఇంకో చిక్కు. మీట్ డెలిలో పప్పు సూప్ ఉందనుకోండి. అందులో ముక్క ఉండకపోవచ్చు. కానీ కోడి రసంతో చేసి ఉండొచ్చు, లేదా మాంసం గిన్నెలో వండి ఉండొచ్చు. నేను వెళ్ళే షాపులో కౌంటర్ వెనకుండే పెద్దాయన్ని "ఇది వెజిటేరియనా?" అని అడిగితే, "మీట్ సూప్" అనేవారు. "ముక్కలు కనపడట్లేదు కదండీ" అంటే, "కుండ మీట్‌ది" అనేవారు. అబద్ధం ఆడి ఒక సూప్ ఎక్కువ అమ్ముకోవచ్చు. కానీ ఆయన లెక్కలో కుండ కూడా పదార్థమే. మీరు అడగాల్సింది "వెజ్జా?" అని కాదు, "ఇది పార్వెనా? గుడ్డు, చేప ఉన్నాయా?" అని. ఈ రెండు ప్రశ్నలకీ కరెక్ట్ జవాబు వస్తుంది. మాంసం గిన్నె వద్దనుకునే పెద్దవాళ్ళతో వెళ్తే, మీట్ డెలి బదులు డెయిరీ కోషర్ రెస్టారెంట్‌కి వెళ్ళండి. అక్కడ మాంసం గడప దాటదు. చేప మాత్రం ఉంటుంది.

గోడ మీద ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్ కూడా చూడండి. ఎవరు పర్యవేక్షిస్తున్నారు, ఎప్పటిదాకా చెల్లుతుంది అని ఉంటుంది. ఏది కోషరో ప్రభుత్వం నిర్ణయించడం కుదరదని 1992లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు పాత నిబంధనల్ని కొట్టేసింది. ఇప్పుడు షాపు తాను ఏ ప్రమాణం పాటిస్తుందో కస్టమర్‌కి కనపడేలా పెట్టాలి. చెప్పింది పాటిస్తోందా లేదా అన్నదే ప్రభుత్వం చూస్తుంది. నిర్ణయం కొనేవాళ్ళదే.

ఎప్పుడు వెళ్ళాలి?

శుక్రవారం సాయంత్రం వెళ్తే తలుపు మూసి ఉంటుంది. వాళ్ళ విశ్రాంతి దినం షబ్బాత్ శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు మొదలై శనివారం చీకటి పడ్డాక ముగుస్తుంది. ఆ సమయంలో పొయ్యి వెలిగించరు, కొనడం అమ్మడం ఉండదు. అందుకే గురువారం రాత్రి, శుక్రవారం పొద్దున షాపు సంక్రాంతి ముందురోజు రైతు బజార్‌లా ఉంటుంది. చోలెంట్ అని ఒక వంటకం ఉంది. బీన్స్, బార్లీ, బంగాళాదుంప, మాంసం శుక్రవారమే సన్నని సెగ మీద పెట్టేసి శనివారం మధ్యాహ్నం తింటారు. ప్రశాంతంగా చూసి కొనాలంటే మంగళవారమో బుధవారమో వెళ్ళండి.

మార్చి, ఏప్రిల్‌లో పాస్ఓవర్ వస్తుంది. ఇజ్రాయెల్ బయట ఎనిమిది రోజులు. గోధుమ, బార్లీ లాంటి ఐదు ధాన్యాలతో చేసి పులిసినవేవీ ఉండకూడదు. షాపులో కొన్ని అల్మారాలకి కాగితం చుట్టేస్తారు. మాట్సా పిండిలో నీళ్ళు పడిన దగ్గర నుంచి 18 నిమిషాల్లోపు కాల్చడం అయిపోవాలి. యూరప్ మూలాలున్న యూదుల్లో చాలామంది ఆ రోజుల్లో బియ్యం, పప్పులు, మొక్కజొన్న కూడా తినరు. అందుకే పసుపు మూత కోకాకోలా కనపడుతుంది, అందులో మొక్కజొన్న సిరప్ బదులు చక్కెర ఉంటుంది.

ఇంకో చిన్న మర్యాద. కోషర్ డెలిలో కూర్చుని మన టిఫిన్ బాక్స్ తెరవకండి. పులిహోరే కదా అనిపిస్తుంది. కానీ బయట వంట ఆ టేబుల్ మీదకి వస్తే వాళ్ళ సర్టిఫికెట్‌కే ఇబ్బంది.

యూదు కొలీగ్ భోజనానికి పిలిస్తే?

ఇది కూడా చాలామంది అడిగారు. ముందు ఒకటి, యూదులందరూ కోషర్ పాటించరు. పాటించేవాళ్ళలో కూడా పట్టింపులు వేరు. అడగడం తప్పు కాదు, అడిగితే సంతోషిస్తారు. పాటించే ఇల్లయితే ఇంట్లో చేసిన సున్నుండలు, మైసూర్‌పాక్ పట్టుకెళ్ళకండి. స్వచ్ఛమైన నెయ్యి కావచ్చు, మడి కట్టుకుని చేసినవి కావచ్చు. మన గిన్నె వాళ్ళ లెక్కలో కోషర్ కాదు. వాళ్ళు తినలేరు, వద్దని చెప్పలేరు. ఇద్దరికీ ఇబ్బంది. సీల్ తియ్యని, గుర్తు ఉన్న ప్యాకెట్ తీసుకెళ్ళండి. మాంసం భోజనం అయితే డి ఉన్న చాక్లెట్ ఆరోజు తినలేరు, కాబట్టి పార్వె సేఫ్. లేదంటే పూలు.

చివరగా ఒక ఆసక్తికరమైన సంగతి. ఇదంతా మనకి సంబంధం లేని దూరపు విషయం అనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు సమూహం ఉంది, బెనే ఎఫ్రాయిమ్ అంటారు. వాళ్ళకి ప్రార్థనా మందిరం కూడా ఉంది.

క్విక్‌గా ఒకసారి చెప్పేస్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి. డి అంటే డెయిరీ, మాంసం లేదు, గుడ్డు, జెలటిన్ చూసుకోవాలి. పార్వె అంటే పాలు, మాంసం లేవు, గుడ్డు, చేప, జెలటిన్ చూసుకోవాలి. పి అంటే పండగ. ఒంటరి కె అంటే ఎవరిదో కనుక్కోవాలి. అలర్జీకి అలర్జీ లైనే చదవాలి. శుక్రవారం సాయంత్రం వెళ్ళొద్దు.

మీ ఊళ్ళో కోషర్ షాపులో ఏదైనా లేబుల్ అర్థం కాకపోతే ఫోటో తీసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో కలిసి చదువుదాం. అప్పటిదాకా ఉంటాను మరి, జాగ్రత్త అండి.